పక్క మంచం అబ్బాగారు

"అబ్బా!"

పక్క మంచం నుంచి ఆ కేక వినగానే టైలరు నవ్వాడు.

ఫిజియో అమ్మాయి ఆ మనిషి కాలు ఇంకా సగం కూడా వంచలేదు. ఇద్దరికీ మోకాలు మార్పిడి జరిగింది నిన్ననే. ఒకే డాక్టరు, ఒకే థియేటరు, ఒకరి వెనక ఒకరు. ఇప్పుడు ఒకే గది.

"ఒక్క నిమిషం ఆగమ్మా. మళ్ళీ వంచుదువుగాని," అన్నాడు ఆ మనిషి దుప్పటి అంచు పిడికిట్లో బిగించి.

ఆయన గోడలకు రంగులు వేసే మేస్త్రీ. టైలరు మాత్రం ఆయనకు 'అబ్బాగారు' అని పేరు పెట్టేశాడు.

తర్వాత టైలరు వంతు వచ్చింది. కూనిరాగం తీస్తూ కాలు వంచాడు.

"ఎనభై ఐదు డిగ్రీలు," అంది ఫిజియో.

"ఆయనకెంత?"

"యాభై."

టైలరు భార్య వైపు చూసి కళ్ళెగరేశాడు.

నిజానికి ఆపరేషను అనగానే అతని పైప్రాణాలు పైనే పోయాయి. అతని అన్నయ్య ఇదే ఆపరేషను చేయించుకుని, నొప్పికి జడిసి కాలు వంచలేదు. మోకాలు కాస్తా బిగుసుకుపోయింది. ఇప్పటికీ కాలు చాపుకునే కూర్చుంటాడు.

తన మోకాలూ అలాగే అయితే ఇక మిషను తొక్కడం ఉండదు. నలభై ఏళ్ళుగా టైలరుకు తెలిసిన పని అదొక్కటే.

అందుకే థియేటరు బయట స్ట్రెచరు కడ్డీ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"నరం దగ్గర మందు గొట్టం పెడతారటగా. అది పెడితేనే లోపలికొస్తా. లేదంటే ఇంటికి పోతా."

మత్తు డాక్టరమ్మ ఏదో నసిగింది. అడ్డుతెర అవతలికి వెళ్ళింది. కాసేపటికి తిరిగొచ్చి, "సరే, పెడతాను," అంది.

అలా అతని తొడలోకి సన్నటి గొట్టం చేరింది. మంచం కడ్డీకి తగిలించిన చిన్న పంపు నుంచి అందులోకి మందు చుక్క చుక్కగా వెళ్తోంది. మోకాలి నొప్పి అతని దాకా రావడం లేదు.

"చూశావా, గట్టిగా అడిగితేగాని ఏ పనీ అవదు," అన్నాడు భార్యతో.

"పాపం, ఆయన మరీ విలవిల్లాడుతున్నాడండీ," అంది ఆవిడ గొంతు తగ్గించి.

"అందరికీ పెట్టేది అదే గొట్టం, అదే మందు. గుండె ధైర్యం ఎవరిది వాళ్ళకుండాలి."

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ ఇటు తిరిగాడు.

"మీకు నొప్పేం లేదు కదండీ?"

"చీమ కుట్టినట్టు కూడా లేదు."

"పంపు ఆగకుండా నడుస్తోందా?"

"నడవకేం?"

"మంచిది," అని మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు.

మధ్యాహ్నం మళ్ళీ అదే ప్రశ్న. సాయంత్రం కూడా అదే.

"నా సుఖం చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నాడు," అని టైలరు భార్య చెవిలో గొణిగాడు.

మూడో రోజు ఉదయం మేస్త్రీని ఇంటికి పంపించారు. ఆఖరిసారి కొలిస్తే ఆయన కాలు డెబ్బై దాటలేదు. నిచ్చెన ఎక్కడానికి ఇంకా చాలా రోజులు పడుతుందని ఫిజియో చెప్పింది. ఆయన తలూపి, వాకరు పట్టుకుని మెల్లగా టైలరు మంచం దాకా వచ్చాడు.

"వెళ్ళొస్తానండీ. మీ కాలు బాగా వంగుతోందిగా?"

"వంగక చస్తుందా? మీలా అబ్బా అబ్బా అంటూ కూర్చుంటే వంగదు మరి."

మేస్త్రీ చిన్నగా నవ్వాడు.

"నిజమేనండీ," అని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం మత్తు డాక్టరమ్మ వచ్చి టైలరు తొడలోని గొట్టం తీసేసింది. పంపు విప్పి మంచం మీద పెట్టింది. ఇన్నాళ్ళూ గోడవైపు ఉన్న దాని వెనక భాగం అప్పుడు అతని కంటపడింది. అక్కడ ఒక చీటీ అంటించి ఉంది.

'ఎనిమిదో మంచం.'

టైలరుది ఏడోది. అతను పడీ పడీ నవ్వాడు.

"నా కొట్లో ప్రతి గుడ్డకూ చీటీ గుచ్చుతానమ్మా. చీటీ మారిందంటే ఒకరి ప్యాంటు ఇంకొకరి కాళ్ళకెక్కుతుంది. ఇన్నేళ్ళలో ఒక్కటీ మారలేదు. ఇంత చదువుకుని మీరెలా పొరబడ్డారు?"

డాక్టరమ్మ నవ్వలేదు.

"అది పక్క మంచం ఆయన కోసం అంటించిన చీటీయే. ముందువైపు మీ నంబరు వేశాం గానీ, వెనకది పీకడం మర్చిపోయాం. ఆ రోజు పనిచేసే పంపు అదొక్కటే ఉంది."

టైలరు పక్క మంచం వైపు చూశాడు. దుప్పటి అప్పుడే మార్చేశారు.

"మరి ఆయనకి?"

"మాత్రలు, ఇంజెక్షన్లే. మీకు చెప్పొద్దన్నారు. వెళ్ళిపోయారు కాబట్టి చెబుతున్నాను."

ఆవిడ గొట్టాన్ని చుట్టచుట్టి ట్రేలో పెట్టింది.

"తెర అవతల మీ ఏడుపు విని, ‘ఆ పంపేదో ఆయనకే పెట్టండమ్మా, నాలుగు రోజులు అబ్బా అనుకుంటూ నేను నెట్టుకొస్తాను’ అన్నది ఆయనే."