గడ్డమీద పుట్టినవాడే

సునందను చంపినవాడు బతికే ఉన్నాడు, మూడు పూటలా తింటున్నాడు. పెళ్ళాం పోయిన దగ్గర్నుంచీ గంగాప్రసాద్ ఈ మాట ఏళ్ళ తరబడి అంటున్నాడు. ఎవడని అడిగితే చెప్పడు. దోహాలోని అజీజియా పేటలో మొగుడూ పెళ్ళాలిద్దరూ పనిచేసిన అరబ్బు ఇంటి యజమాని అయి ఉంటాడని కొందరు, ఆస్పత్రిలో డాక్టరని కొందరు అనుకున్నారు. అతను ఎవరినీ కాదనలేదు.

ఆ శుక్రవారం నమాజు అయ్యాక ఉమ్ ఘువైలినాలో ఒక హోటల్ మేడమీద సంఘం కూర్చుంది. సంఘం పెట్టింది గంగాప్రసాదే. సునంద శవాన్ని ఊరికి చేర్చడానికి అప్పట్లో ఒక్కడూ ముందుకు రాలేదు. జగిత్యాల జిల్లా అయ్యాక, అక్కణ్ణుంచి వచ్చి ఇక్కడ చచ్చినవాణ్ణి జిల్లావాళ్ళే సాగనంపాలని పెట్టాడు.

ఇవాళ ప్రెసిడెంట్ ఎన్నిక. నిలబడ్డవాళ్ళు ఇద్దరు. సొంతంగా వ్యాన్లు నడిపిస్తున్న జలంధర్ ఒకడు. సైటులో పరంజా కట్టే చిరంజీవి ఒకడు. ఎన్నిక జరిపిస్తున్నది కోరుట్ల గౌస్ మొహియుద్దీన్.

"యల్లా, కానియ్యుర్రి, ఇద్దరూ చెప్పేది చెప్పుర్రి. చేతులెత్తిద్దాం," అన్నాడు గౌస్.

చిరంజీవి లేచాడు. "నాతోని పరంజా కట్టే గంగన్న సైటుమీదికెళ్ళి పడి సచ్చిండు. మీకెరికే. శవం ఇంక మార్చురీలనే ఉన్నది. నేను పోతే, 'నువ్వెవడివి? మీ ప్రెసిడెంట్‌ను రమ్మను' అని కంపెనీ మేనేజర్ గేటుకాణ్ణుంచే మలిపిండు. ఆయన పెండ్లాం సాయవ్వ నిన్న గూడ ఫోన్ చేసింది. 'దుబాయ్‌ల మా ఇంటాయన ఇంకెన్ని దినాలు ఐసుల పండాలె బిడ్డా' అన్నది. ఆమెకు ఈ దేశాలన్నీ దుబాయే. నాకు కుర్సీ వద్దు. ఆ గేటు దాటనిస్తే సాలు."

"కుర్సీ వద్దన్నోడివి ఎలచ్చన్ల ఎందుకు నిలవడ్డవ్ రా తమ్మీ?" జలంధర్ నవ్వాడు.

"నువ్వొక్కపారి మార్చురీకి రా అన్నా. నేను ఇప్పుడే కూసుంట."

"శవాల వాసన నాకు పడది."

"ఓట్ల వాసన మంచిగ పడ్తది," వెనకనుంచి ఎవడో అన్నాడు. గదంతా నవ్వింది.

గౌస్ చేతులెత్తమన్నాడు. జలంధర్‌కు వ్యాన్ డ్రైవర్ల చేతులు మాత్రమే లేచాయి. చిరంజీవి పేరు చెప్పగానే గది నిండా చేతులే.

"ఆగుర్రి," అన్నాడు గంగాప్రసాద్. "రూల్ ఉన్నది."

రూల్ ఉన్నమాట నిజమే. దాన్ని పెట్టించింది జలంధర్. జిల్లా నుంచి వలసపోయిన ఇంట్లో, భివండిలో పుట్టి పెరిగిన ఒక పద్మశాలి అప్పట్లో ప్రెసిడెంట్ పదవికి నిలబడబోయాడు. జలంధర్ టీవీలో అమెరికా ఎన్నికలు చూసి వచ్చి, "అంత పెద్ద దేశంల ప్రెసిడెంట్ గావాల్నంటే పుట్టుకతోనే ఆ దేశపోడై ఉండాలె. మనం తక్కువనా? జిల్లా గడ్డమీద పుట్టినోడే నిలవడాలె," అన్నాడు. అందరూ నవ్వుతూనే ఒప్పుకున్నారు. ఆ తర్వాత మరిచిపోయారు.

"రూల్ ఉంటే ఏమాయె కాకా?" అన్నాడు గౌస్.

"వీడు జిల్లాల పుట్టలే. ఈడనే పుట్టిండు. దోహాల."

"క్యా బాత్ కర్‌రే కాకా! వీని పాస్‌పోర్ట్ నేను సూసిన. రాయికల్ అని ఉన్నది."

"రాసినోళ్ళు రాసిన్రు. వాణ్ణే అడుగు."

అందరూ చిరంజీవి వైపు తిరిగారు. కాదు అనే ఒక్క మాట చాలు. పాస్‌పోర్ట్ అతని పక్షానే ఉంది. అతను గంగాప్రసాద్ వైపు తిరిగాడు.

"నిజమే," అన్నాడు. "ఈడనే పుట్టిన. పసిగుడ్డుగ ఉన్నప్పుడే ఊరికి తోలిన్రు. అమ్మ ఊర్లనే పుట్టినట్టు పేరు రాయించింది."

జలంధర్ కుర్చీలో ముందుకు జరిగాడు.

"ఈడ పుడితే ఈ దేశపోడివన్న అయినవా?" గౌస్ అడిగాడు.

"యాడ భాయ్! ఈడ పుట్టినా ఈడోణ్ణి గాదు. ఇప్పుడు ఆడోణ్ణి గూడ గాదంటున్రు. మరి నేను యాడోణ్ణి?"

గౌస్ వచ్చి గంగాప్రసాద్ భుజంమీద చెయ్యి వేశాడు.

"కాకా, సంఘం నువ్వు పెట్టింది. నువ్వు ఊ అను, ఇప్పుడే రూల్ తీసేద్దాం. గంగన్నను తలుసుకో. నీ ఇంటామె అసొంటి మార్చురీలనే పండలేదా?"

"ఆమె ముచ్చట తియ్యకు."

"జర రహెం కరో కాకా, దయ సూపు. పోరడు మంచోడు."

"రూల్ రూలే," అన్నాడు గంగాప్రసాద్, చెయ్యి తీసేస్తూ.

జలంధర్ ప్రెసిడెంట్ అయ్యాడు. గంగన్న సంగతేమిటని అడిగితే, "రేపు సెలవుమీద ఊరికి పోతున్న. వచ్చినంక సూద్దాం," అన్నాడు. చప్పట్లు కొట్టింది అతని డ్రైవర్లే.

మెట్ల మీద చిరంజీవి గంగాప్రసాద్‌ను అందుకున్నాడు. చేతిలో ఫోన్ మోగుతోంది. సాయవ్వ. ఎత్తలేదు.

"కాకా, నామీద నీకేం పగనో నాకు ఎరికలేదు. నేనొచ్చిన కాణ్ణుంచి నాతోని ఒక్క మాట గూడ మాట్లాడలే. పోనీ. ఒక్కటి చెప్పు. ఈ సంగతి మా ఇంట్ల తప్ప ఎవ్వలకు ఎరికలేదు. నీకెట్ల ఎరిక?"

గంగాప్రసాద్ దిగుతూనే ఉన్నాడు.

"మా అమ్మ గంగామణి నీకు ఎరికేనా?"

గంగాప్రసాద్ ఆగాడు. వెనక్కి మాత్రం తిరగలేదు.

"ఈడికి బందువెట్టు. మల్ల నన్ను అడగకు. సచ్చేదాక ఈ ముచ్చట నా నోట రాదు."

సునంద ప్రాణం తీసి పుట్టాడని గంగామణి చేతిలో పెట్టి ఊరికి పంపేసిన కొడుకుతో అతను మాట్లాడిన ఆఖరు మాట అదే.