ముందుకు జరిగిన సీటు

"ఈ సీటు ఇంత ముందుకి ఎవరు జరిపారండీ?"

కారు తలుపు తెరిచి పట్టుకుని భార్య అడగ్గానే బస్సు డ్రైవరు వంగి టైర్లో గాలి చూడటం మొదలుపెట్టాడు. ఆరడుగుల మనిషి. ఆ సీట్లో అతను కూర్చోవాలంటే మోకాళ్ళు గడ్డానికి ఆనాల్సిందే.

"పోనీ దీనికైనా జవాబు చెప్పండి" అంటూ ఆవిడ చేతిలోని నోటీసు ఊపింది.

కిందటి బుధవారం మధ్యాహ్నం చెరువు రోడ్డు కూడలిలో వాళ్ళ కారు ఎర్ర లైటు దాటింది. నోటీసు మీద అచ్చేసిన ఫోటోలో వెనక నంబరు ప్లేటు తప్ప ఇంకేం లేదు. ముందు వైపు ఫోటో కావాలంటే విచారణకి వెళ్ళాలట.

"ఏదో తొందర్లో దాటేశాను. ఒప్పుకుని ఫైను కట్టేస్తా."

"కట్టేస్తే సరా? పాయింట్లో?"

అతని రికార్డు ఆవిడకి కంఠతా వచ్చు. స్పీడుగా వెళ్ళినందుకు ఇదివరకే లైసెన్సు మీద తప్పుల పాయింట్లు పడ్డాయి. ట్రాఫిక్కు వాళ్ళ క్లాసుకెళ్ళి కొన్ని తగ్గించుకున్నాడు గానీ, ఆ వెసులుబాటు ఏడాదికి ఒక్కసారే. ఇప్పుడు ఇదీ పడితే లైసెన్సు ఆర్నెల్లు సస్పెండు. బడిపిల్లల బస్సు నడిపేవాడికి లైసెన్సు లేకపోతే ఇంకేముంది!

"విచారణ అడగండి. నడిపింది మీరు కాదని తేలితే పాయింట్లు మీకు పడవు."

"వద్దు."

"ఎందుకొద్దూ?"

"వద్దంటే వద్దు. షెడ్డులో అడిగాను. ఆర్నెల్లు బస్సులు కడుక్కుంటా."

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. "ఎవతి కోసమండీ బస్సులు కడగడం?"

ఎవతో ఆవిడకి తెలుసు. బళ్ళో కొత్తగా చేరిన పాటల టీచరు. పొట్టి మనిషి. రోజూ బస్సులో ముందు సీట్లో కూర్చుని ఇతని జోకులకి పగలబడి నవ్వుతుంది. ఇన్నేళ్ళుగా అవే జోకులు వింటున్న ఇల్లాలికి వాటిలో నవ్వడానికేముందో ఇప్పటికీ అంతుబట్టలేదు.

"పెళ్ళయ్యాక ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నన్ను స్టీరింగు ముట్టుకోనిచ్చారా? 'నీకు కంగారెక్కువే' అన్నారు. దానికైతే పక్కన కూర్చుని మరీ నేర్పిస్తారేం?"

"నీకేమైనా పిచ్చా?"

"అవును, పిచ్చే! అందుకే ఇన్నాళ్ళూ నమ్మాను."

విసురుగా ఇంట్లోకొచ్చింది. వంటింట్లో తల్లి ముక్కాలిపీట ఎక్కి, మునివేళ్ళ మీద లేచి, అలమరలోంచి పంచదార డబ్బా అందుకుంటోంది.

"ఏంటే ఆ కేకలు?"

"ముందు నువ్వు పీట దిగమ్మా! మళ్ళీ పడ్డావంటే చేసే ఓపిక నాకు లేదు."

స్నానాలగదిలో జారిపడ్డ దగ్గర్నుంచీ కూతురు ఆవిణ్ణి వీధి చివరి కొట్టుకి కూడా ఒంటరిగా పంపడం లేదు. టీవీ సరిగ్గా కనపడటం లేదని చిన్నపిల్లలా మారాం చేస్తే, తను పనిచేసే కళ్ళద్దాల షాపులోంచే దూరపు చూపుకి కొత్త జోడు తెచ్చిచ్చింది. ఇంకేం కావాలట ఆ వయసులో?

"నీ అల్లుడి నిర్వాకం విన్నావా? ఎవతో ఎర్ర లైటు దాటితే ఈయన నెత్తినేసుకుంటున్నాడు. బస్సు పని పోతుంది!"

తల్లి చేతిలో డబ్బా జారిపోయింది. నేలంతా పంచదార.

"పని పోవడమేంటి? ఉత్త ఫైనే కాదూ?"

"మీరూరుకోండి అత్తయ్యా" అంటూ అల్లుడు గబగబా వచ్చి చీపురందుకున్నాడు.

ఎప్పుడూ చీపురు పట్టని మనిషి! తప్పు చేసినవాడి లక్షణాలన్నీ కనపడుతున్నాయనుకుంది భార్య. ఆ సాయంత్రమే అతని ఎదురుగా కూర్చుని విచారణ కావాలని పట్టుబట్టి సంతకం పెట్టించింది. ఫోటోలో దాని మొహం చూడాలి. చూసి తీరాలి.

విచారణ రోజున తల్లి ముందే తయారై గుమ్మంలో నిలబడింది.

"నేనూ వస్తానే."

"నీకెందుకమ్మా? అక్కడ మెట్లున్నాయి."

"ఎక్కుతాను."

అల్లుడు ఏదో అనబోయాడు. అత్తగారు చూసిన చూపుకి కారు తాళాలు అందుకున్నాడు.

విచారణ గది జనంతో ఉక్కపోతగా ఉంది. తల్లికి వెనక బెంచీలో చోటు దొరికింది. మొగుడూ పెళ్ళాలు ముందుకెళ్ళారు. అధికారి తుమ్మి, ముక్కు తుడుచుకుని, తెర మీద ఫోటో వేశాడు.

మసక ఫోటో. స్టీరింగు ముందున్న మనిషి మొహానికి అద్దం మీదికి దించిన ఎండ తెర అడ్డొచ్చింది. స్టీరింగుని గట్టిగా పట్టుకున్న రెండు చేతులు మాత్రం తెలుస్తున్నాయి. పక్క సీట్లో బస్సు డ్రైవరు, స్పష్టంగా, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నోరు తెరిచి అరుస్తున్నాడు.

గదిలో కొందరు కిసుక్కుమన్నారు.

"పక్కనున్నది మీరేగా?" అన్నాడు అధికారి.

"నడిపింది కూడా నేనే సార్."

"పక్క సీట్లోంచా?"

ఈసారి అందరూ నవ్వారు. భార్య నవ్వలేదు. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నెత్తిన చేతులు పెట్టుకుని కూడా దానికే అప్పగించాడు బండి!

"చూడండి" అన్నాడు అధికారి. "నడిపినవాళ్ళ పేరు చెబితే పాయింట్లు వాళ్ళకి పోతాయి. నేర్చుకునేవాళ్ళయితే ఏడాదిదాకా లైసెన్సు పరీక్షకి రానివ్వరు, అంతే. చెప్పకపోతే మీ లైసెన్సు పోతుంది. మీ ఇష్టం."

డ్రైవరు తలవంచుకున్నాడు. "ఏడాదంటే వాళ్ళకి చాలా ఎక్కువ సార్. నాకే వేసెయ్యండి."

"అంత ప్రేమా!" భార్య ఏడుస్తూనే అరిచింది. "ఆయన చెప్పరు, పేరు నేను చెప్తా, రాసుకోండి సార్!"

"మీరాగండమ్మా" అని అధికారి గొంతు పెంచాడు. "ఇంతకీ బండి నడిపిందెవరు?"

వెనక బెంచీలో తల్లి చెయ్యెత్తింది.