ఎడమచేతి పెయింటరు

"ఈ పేరు నేను రాయను."

పెయింటరు నిచ్చెన మీంచే కాగితాన్ని కిందికి చాచాడు.

మగపిల్లల హైస్కూలు వరండాలో, గోడకి బిగించిన నల్లబోర్డు మీద పాత మాస్టార్ల పేర్లు రాస్తున్నాడతను. ముప్ఫై ఆరు పేర్లయ్యాయి. ఇక మిగిలింది ఒక్కటే. అతను అక్కడ చదువుకున్నప్పటి హెడ్మాస్టరుది.

స్కూలు గుమాస్తా తెల్లబోయాడు.

"అదేంటండీ! ఆయన ఇరవై రెండేళ్లు చేశారిక్కడ."

"అందులో మూడేళ్లు, నా ఆరు నుంచి ఎనిమిది దాకా, నా వీపు మీదే చేశాడు."

"మీరు రాయనంటే పని ఇంకొకరికి ఇచ్చేస్తారు."

"ఇచ్చుకోమనండి. రాసినవి కూడా తుడిచేసి పోతాను."

గుమాస్తా గొణుక్కుంటూ ఆఫీసు గదిలోకి వెళ్లాడు.

వరండా చివర బెంచీ మీద పొద్దుటినుంచీ ఒక ముసలాయన కూర్చునున్నాడు. బోర్డు మీది పేర్లన్నీ పైనుంచి కిందికి రెండుసార్లు చదివాడు. ఇప్పుడు లేచొచ్చి నిచ్చెన పట్టుకున్నాడు.

"నచ్చజెప్పమని పంపారా మిమ్మల్ని?" అన్నాడు పెయింటరు.

"లేదు నాయనా. నిచ్చెన ఊగుతోంది." ఒక క్షణమాగి, "మూడో వరసలో ఆ దీర్ఘం కాస్త కురచైనట్టుంది," అన్నాడు ముసలాయన.

పెయింటరుకి ఒళ్లు మండింది. పాతికేళ్లుగా బోర్డులు రాస్తున్నవాడికి దీర్ఘాలు నేర్పుతాడా!

తీరా చూస్తే నిజంగానే కురచైంది. కిక్కురుమనకుండా సరిచేశాడు.

"ఎడమ చేత్తో రాస్తున్నావే!"

"అదే నేను చేసిన నేరం. ఎనిమిదో తరగతిలో ఆ మహానుభావుడు కుడిచేత్తో రాయమన్నాడు. రాయనన్నాను. బల్ల మీద చెయ్యి పెట్టించి కణుపుల మీద కొట్టాడు. ఇదిగో, ఈ చిటికెనవేలు ఇప్పటికీ ముడుచుకోదు."

ముసలాయన ఆ వేలి వంక చాలాసేపు చూశాడు.

"తర్వాత?"

"పది రోజులు ఇంట్లో పడున్నాను. మా అమ్మ చదువు మాన్పిస్తానంది. ఒప్పుకోలేదు. పదకొండో రోజు కట్టు విప్పేసి, వెళ్లి ముందు బెంచీలో కూర్చుని మళ్లీ ఎడమ చేత్తోనే రాశాను. ఆయన నా పక్కనుంచే నడిచాడు. చూశాడు. నోరెత్తలేదు! స్కూలు వదిలేదాకా మళ్లీ నా జోలికొస్తే ఒట్టు."

"భయపడ్డాడన్నమాట."

"పడడూ మరి! నాలాంటి మొండిఘటం ఎదురైతే? ఒక్కణ్ణే నిలబడ్డానండీ. ఇంతమంది మాస్టార్లున్నారు, నా తరఫున ఒక్కడూ ఒక్క మాట అనలేదు. అందుకే ఈ స్కూల్లో నేను ఎవరికీ దండం పెట్టను."

ముసలాయన నవ్వాడు.

"నిజమే. నీ మొండితనమే గెలిచింది. ఆ పేరు రాయకు."

"మీరు కూడా అంటున్నారా ఆ మాట!"

"ఎవరు చెప్పినా సరే, రాయకు."

ఆ వయసు మనిషి గొంతులో అంత పదునుంటుందని పెయింటరు అనుకోలేదు.

ముసలాయన బస్సు వేళైందంటూ సంచీ తీసుకుని గేటువైపు నడిచాడు.

పెయింటరు కిందికి దిగి కుంచెలు కడుగుతుంటే గుమాస్తా పాత రిజిస్టరొకటి చంకన పెట్టుకుని వచ్చాడు.

"మీ పంతమే నెగ్గింది. ఆ ఒక్క పేరూ స్టిక్కరు కొట్టించి అతికిస్తారట."

"అతికించుకోండి. రెండు వానలకి ఊడిపోతుంది."

"అవునూ, ఆ పెద్దాయనేరీ? పాపం, తన పేరుందేమో చూసుకుందామని వచ్చారు. ఏడాదైనా పనిచెయ్యనివాళ్ల పేర్లు వెయ్యొద్దన్నారని చెప్పాను. తీరా వెతికితే ఇప్పుడు దొరికింది. డ్రాయింగు మాస్టారట. నాలుగు నెలలే. అదీ పదో తరగతి వాళ్లకి మాత్రమే."

"మానేశారా?"

"తీసేశారు. అడ్మిషన్లలో మీ పేరూ చూశాను, మీరు ఎనిమిది చదివిన ఏడాదే."

పెయింటరు తల తిప్పి చూశాడు. గేటు దగ్గర ఎవరూ లేరు. రోడ్డు మీద బస్సు మలుపు తిరిగిపోయింది.

"ఎందుకు తీసేశారు?"

గుమాస్తా రిజిస్టరు తెరిచి, మాసిపోయిన వరస మీద వేలు పెట్టి చదివాడు.

"హెడ్మాస్టరు చేతిలో బెత్తం లాక్కుని విరిచి, ఎనిమిదో తరగతి కుర్రాడి ఎడమ చెయ్యి ఇకమీద ముట్టుకోనని ఆయనచేత కాగితం రాయించుకునేదాకా గది తలుపు తియ్యనందుకు."