వదిన కంచంలో ఆకులు

వదిన కంచంలో ఈ రోజు కూడా సాలడే పెట్టాను. దోసకాయ, క్యాబేజీ, ఆకులు. నూనె చుక్క లేదు, ఉప్పు రవ్వ లేదు.

"ఏమే, నేనేమన్నా మేకనా? ఒక్కరోజు బంగాళాదుంప ఫ్రైస్ వేయించి పెడితే నీ సొమ్మేం పోయింది?" అంది మా ఇంట్లోనే ఉంటున్న వదిన, మా వారి అక్క.

"వాటిలో నూనె తప్ప ఏముంది వదినా? బలమంతా ఆకుల్లోనే ఉందని మీరే అనేవారుగా."

ఆ మాట ఆమె మా అమ్మాయితో అనేది. గున్న ఏనుగని వెక్కిరించి, పిల్ల చేతిలోని ఫ్రైస్ లాక్కుని, పూటపూటా ఉత్త ఆకులే తినిపించింది. పిల్ల చిక్కి శల్యమై బడి మెట్ల మీద కళ్లు తిరిగి పడింది. మళ్లీ లేవలేదు.

అప్పటినుంచి ఆ ఆకులే వదినకు పెడుతున్నాను. కడుపు మాడడమంటే ఏమిటో ఆమెకూ తెలియాలని ఎదురుగా కూర్చుని మరీ తినిపిస్తున్నాను.

ఈ రోజు సగం తిని వదిన నా చెయ్యి పట్టుకుంది.

"పొద్దున డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చానే. షుగరు దిగిందట, గుండెకు భయం లేదట. ఈ తిండే నన్ను బతికించిందన్నాడు. నువ్వు నా పాలిట దేవతవే!"

నా బిడ్డను మింగిన ఆకులు ఈమెకు ఆయుష్షు పోశాయి.

చెయ్యి విడిపించుకుని వంటింట్లోకి వెళ్లాను. బాణలి నిండా నూనె పోసి, బంగాళాదుంపలు తరిగి, ఎర్రగా వేయించి, ఉప్పు దండిగా చల్లి తెచ్చాను.

"రేపు కూడా చేస్తావా?" అంది వదిన, వేళ్లు నాకుతూ.

"మీరున్నన్నాళ్లూ చేస్తాను వదినా," అన్నాను.