ఐదడుగుల ధార

“ధార గట్టిగ పడాలన్నా. ఇయ్యాలనే పడాలె,” అంది వెంకమ్మ కొట్టు మెట్లెక్కుతూనే.

శానిటరీ కొట్టు బసవపున్నయ్య కళ్ళద్దాలు సర్దుకున్నాడు. “ముందు ట్యాంకు సంగతి చెప్పు చెల్లెమ్మా. షవర్ తర్వాత చూద్దాం.”

కొత్తగూడెంలో కిరాయి ఫ్లాట్. మూడో అంతస్తు, అదే ఆఖరిది. ట్యాంకు సరిగ్గా నెత్తిమీదే.

“నెత్తిమీదుంటే ఇంకా గట్టిగ రావాలె గదన్నా?”

“అదే తిరకాసు. పైనుంచి దిగేకొద్దీ నీళ్ళకు బలం. కింద ఇళ్ళలో దూకుతాయి. నీకున్నది ఐదడుగులే. ఈ పళ్ళెమంత షవర్ పెట్టావనుకో, చెమట కారినట్టు కారుద్ది.”

“మోటరు పెడితే?”

“అందరికీ ఒకటే ట్యాంకు. నువ్వు లాగేస్తే కిందవాళ్ళు ఊరుకుంటారా?”

వెంకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

భర్త బిక్షపతి మెతుకు ముట్టి మూడు రోజులైంది. బొగ్గుబాయిలో ఇరవై రెండేళ్ళు పనిచేసిన మనిషి. షిఫ్టు దిగాక ఒంటి మసి కడుక్కోనిదే అన్నం ముందు కూర్చునేవాడు కాదు. ఇప్పుడు బాయికి పోవడం లేదు గాని, ఆ పట్టు మాత్రం పోలేదు. బకెట్ నింపి పెడితే కాలితో తన్నాడు. వెంకమ్మ తానే పోస్తానంటే కసిరాడు. షవర్ పెట్టిస్తేనే స్నానం. స్నానమైతేనే అన్నం. ఆ పంతం సంగతి చెప్పింది వెంకమ్మ.

“రాజావారా ఏంటి మీ ఆయన?” బసవపున్నయ్య నవ్వాడు. “నాలుగు చెంబులు పోసుకోడానికి ఏం రోగం?”

ఆమె గోడకు తగిలించిన షవర్ల వైపే చూస్తోంది.

“పోనీ, ఇది తీసుకుపో. చేత్తో పట్టుకునే షవర్. కిందికి దించి పట్టుకుంటే నీ ట్యాంకుకైనా బాగా వస్తాయి.”

“అదొద్దన్నా. గోడకుండేదే ఇయ్యి. నీకు దండం పెడత.”

ఆమె నిజంగానే చేతులు జోడించడం చూసి ఆయన నవ్వు ఆపేశాడు. చిన్న మూతి, పెద్ద బొక్కలున్న పాతరకం షవర్ ఒకటి అటకమీంచి దించాడు. “ట్యాంకు నుంచి లావు పైపు తిన్నగా దించమను. వంపులు ఉండకూడదు. షవర్ నెత్తికి జానెడు పైన, అంతే.”

ప్లంబర్ పూల్‌సింగ్‌ది జూలూరుపాడు. మధ్యాహ్నానికి పైపు దించాడు.

“అక్కా, వాల్వు చేతికందే ఎత్తుల పెడుతున్న.”

“వద్దు తమ్మీ. కింద, మోకాలి కాడ పెట్టు. తిప్పేది గాదు, పొడుగు పిడిది.”

“గిదేంది! రోజూ వంగి దండం పెడతడా మీ సారు?”

“పెట్టు తమ్మీ, జల్దీ.”

లోపలి గదిలోంచి బిక్షపతి అరిచాడు. “ఇయ్యాల గూడ కాకుంటే నా ముందల బువ్వ పేరెత్తకు!”

పూల్‌సింగ్ పిడి నొక్కాడు. నాలుగు చుక్కలు రాలాయి. ఆగిపోయాయి.

వెంకమ్మ వంగి పిడిని రెండుసార్లు నొక్కి చూసింది. “నాలుగో రోజు బతకడు తమ్మీ.”

“ఆగక్కా. పైపుల గాలి పట్టింది.” అతను మిద్దెమీదికి పరిగెత్తాడు. ట్యాంకు దగ్గర అతుకు వదులు చేశాడు. గాలి బుస్సుమంది. మళ్ళీ బిగించాడు.

తిరిగొచ్చేసరికి స్నానాలగది తలుపు మూసి ఉంది. లోపల ధార చప్పుడు.

“వీపు రుద్దాల్నా?” తలుపు దగ్గర అడిగింది వెంకమ్మ.

“నువ్ రాకు! అన్నం పెట్టు పో!”

ఆమె ఏడుస్తూనే నవ్వింది. కంచంలో అన్నం, పప్పు కలిపి ముద్దలు చేయసాగింది.

“ముద్దలు గూడ నువ్వే చేస్తవా? చంటిపిల్లగాడా ఏంది సారు?” అన్నాడు పూల్‌సింగ్ సామాన్లు సర్దుకుంటూ.

అప్పుడే తడి లాగుతో, భుజంతో తలుపు తోసుకుని బయటికొచ్చిన బిక్షపతికి మోచేతుల పైనుంచి రెండు చేతులూ లేవు.