మౌత్‌పీసు మీద గాట్లు

“ఇది మా భానుది కాదని చెప్పెయ్ భయ్యా. పొద్దుట్నుంచీ కుడికన్ను అదురుతోంది,” అంటూనే మౌత్‌పీసు పట్టుకుని దుకాణంలోకొచ్చింది కనకలక్ష్మి.

డిగ్లీపూర్ పెళ్లిలో వాయించడానికి సాక్సోఫోన్‌తో డింగీ పడవ ఎక్కిన కొడుకు భాను తొమ్మిది రోజులైనా అక్కడికి చేరలేదు. నిన్న జాలర్ల వలలో ఈ నల్లటి మౌత్‌పీసు పడింది.

వాయిద్యాలు బాగుచేసే గోపినాథ్ తన పాత మౌత్‌పీసును దాని పక్కన పెట్టాడు. “రెండూ ఒక్క కంపెనీవే దీదీ. ఇలాంటివి ఇక్కడ చాలామంది దగ్గరున్నాయి.”

“అయితే ఇంకెవరిదో!” ఆమె చెంపలేసుకుంది.

అతను రెండింటినీ వెలుతురులో తిప్పి చూశాడు. “ఊదేటప్పుడు పైపళ్లు ఇక్కడ ఆనుతాయి. నా దానిమీద రెండు గాట్లున్నాయి, దీనిమీద ఒకటే. మీవాడికి ముందుపన్ను విరిగిందా?”

కనకలక్ష్మి ఆ గాటును వేలితో తడిమింది.

“నాలుగో క్లాసులో. జెట్టీ మెట్ల మీద పడ్డాడు భయ్యా.”