ముందు మీరు, వెనక నేను

“గట్టు మీద ముందు మీరు నడవాలి. వెనక నేనుంటాను,” అంది బ్రిజెట్.

పబ్‌లో పొయ్యి పక్క బల్ల మీద పటం పరిచి ఉంది. ఎడ్విన్ కళ్లజోడు సర్దుకుని దాని మీదికి వంగాడు. కోర్బీ గట్టు ఉన్నచోట ఎత్తు చూపించే గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి నల్లగా ముద్దకట్టాయి.

“తాడు ఎవరి దగ్గరుంటుంది?” అన్నాడు.

“నా దగ్గర.”

ఎడ్విన్ తలూపాడు. టీ కప్పు ఎత్తి, తాగకుండానే దించేశాడు.

నవంబరు మొదటి వారం. ఇంగ్లండులోని ఈ కంబ్రియా కొండల్లో ఈ రోజులను నమ్మడానికి లేదు. పొద్దున ఎండ కాస్తుంది, కాసేపటికి పొగమంచు దిగుతుంది, ఆపైన ఏ దిక్కు నుంచో వడగళ్లు. లోయలో పడిన వానే పైన రాళ్ల మీద గాజు పూతలా గడ్డకడుతుంది. కొండ పరుగుల వాళ్లు కూడా ఈ నెలలో ఆ గట్టు జోలికి పోరు. కింద గడ్డి వాలుల మీద పరిగెత్తి ఇంటికి పోతారు.

బ్రిజెట్ మాత్రం శనివారం ఖాయం చేసింది. వాలు మీద కనుమ దాకా పరుగు. ఆపైన గట్టు. అక్కడ పరుగు చెల్లదు, చేతులతో పట్టుకుని పాకాల్సిందే.

“గాలి లేస్తే?”

“కనుమ దగ్గరైతే తిరిగొచ్చేద్దాం. దాటామంటే మాత్రం పైదాకా పోవాల్సిందే. మధ్యలో దిగే దారి లేదని మీకు తెలుసుగా.”

“తెలుసు,” అన్నాడు ఎడ్విన్.

పక్క బల్ల దగ్గరి గొర్రెల కాపరి గ్లాసు పట్టుకుని ఇటు తిరిగాడు. “ఏమ్మా, పరుగుకి నీకు కుర్రాళ్లే దొరకలేదా? ఈయనకంటే మా ముసలి పొట్టేలు నయం.”

“నీ పొట్టేలుకి పటం చూడ్డం రాదుగా,” అంది బ్రిజెట్.

అందరూ నవ్వారు. కాపరి నవ్వలేదు. “పాత లెక్క తేల్చుకోవడానికా?” అన్నాడు గొంతు తగ్గించి.

“అవును. లెక్కే.”

నవ్వులు ఆగిపోయాయి.

ఆ లెక్క లోయలో అందరికీ తెలుసు. చాలా ఏళ్ల కిందట, ఇలాంటి నవంబరులోనే, ఇద్దరు స్నేహితులు ఆ గట్టెక్కారు. ఒకడు జారిపడ్డాడు. రెండోవాడు అతణ్ని అక్కడే వదిలేసి దిగివచ్చేశాడు. ఇద్దరిలో ఒకరు ఎడ్విన్. ఇంకొకరు బ్రిజెట్ తండ్రి రోలండ్. ఆయన ఇప్పుడు పొయ్యి పైన ఫోటోలో ఉన్నాడు.

ఆ పబ్ నడిపేది రోలండ్ అక్క ఆగ్నెస్. మేనకోడల్ని వంటగదిలోకి లాక్కెళ్లింది.

“ఏమే, మతి పోయిందా? పోయినవాడు పోయాడు. ఆ మనిషిని మళ్లీ అదే అంచు మీద నిలబెట్టి ఏం సాధిస్తావు?”

“నిలబెట్టాలనే అత్తా.”

“మీ నాన్న ఉంటే ఒప్పుకునేవాడా?”

“ఒప్పుకునేవారు కాదు. అందుకే ఇన్నాళ్లు ఆగాను.”

ఆగ్నెస్ చేతిలో గిన్నె ఠపీమని బల్ల మీద పెట్టింది. అయినా శనివారం పొద్దున వాళ్లిద్దరూ బయల్దేరడానికి పబ్ తలుపు తీసేసరికి గడప మీద వేడి టీ ఫ్లాస్కు ఉంది. అల్లం రొట్టె పొట్లాలు రెండున్నాయి.

వాలు మీద గడ్డి తడిగా మెరుస్తోంది. ఎడ్విన్ నెమ్మదిగా పరిగెత్తాడు. చలికి ఎడమ కాలు పట్టేస్తోంది. ఎంత నెమ్మదించినా బ్రిజెట్ అడుగుల చప్పుడు అతణ్ని దాటిపోలేదు. వెనకే వస్తోంది. రాతి గోడ చాటున ఊపిరి తీసుకోవడానికి ఆగితే, అక్కడ ఒదిగి ఉన్న గొర్రెలు కాస్త జరిగి చోటిచ్చాయి.

కనుమ చేరేసరికి పొగమంచు దిగింది.

“తిరిగిపోదామా అమ్మాయ్?”

బ్రిజెట్ చేతి తొడుగు తీసి రాయిని తడిమింది. “తడే. ఇంకా గడ్డకట్టలేదు. పదండి.”

గట్టుకి రెండు పక్కలా ఏమీ కనిపించడం లేదు. అదే మేలనుకున్నాడు ఎడ్విన్. చేతికి తగిలిన రాయినల్లా పట్టుకుంటూ పాకాడు. కొంత దూరం పోయాక మంచం వెడల్పున ఒక రాతి అరుగు వచ్చింది. దాని అంచు లోయలోకి వాలి ఉంది. ఎడ్విన్ ఆగిపోయాడు.

“ఇక్కడే,” అన్నాడు.

“తెలుసు,” అంది బ్రిజెట్.

భుజం మీది తాడు తీసి, ఒక కొస అతని నడుముకి చుట్టి గట్టిగా ముడి వేసింది. రెండో కొస ఎక్కడ కట్టిందో మంచులో అతనికి కనిపించలేదు. గాలి ఒక్కసారిగా లేచింది.

“బ్రిజెట్! వెనకే ఉన్నావా?”

గాలి తగ్గాక ఆమె గొంతు వినిపించింది. “ఆగకండి. నడవండి.”

ఎడ్విన్ నడిచాడు. అరుగు దాటాడు. మోకాళ్లు చెక్కుకుపోయాయి. చివరికి చేతికి రాయి అందలేదు, గాలి అందింది. తల ఎత్తితే ఎదురుగా శిఖరం మీది రాళ్ల గుట్ట.

వాళ్ల కొండ పరుగుల క్లబ్బులో ఒక పాత ఆచారం ఉంది. శిఖరం మీది రాళ్లను ముట్టుకుంటే చాలదు. వెంట వచ్చిన మనిషి చూశానని పైకి చెప్పాలి. చెప్పేవాడు లేకపోతే ఎక్కనట్టే లెక్క.

ఎడ్విన్ అన్నిటికంటే పైనున్న రాయి మీద అరచెయ్యి ఆన్చాడు. బ్రిజెట్ దగ్గరికి వచ్చింది. తాడు రెండో కొస ఆమె నడుముకే కట్టి ఉంది.

“కాలు విరిగిన మిమ్మల్ని ఆ అరుగు మీద వదిలేసి మా నాన్న ఒక్కరే దిగిపోకపోతే, ఆ రోజే ఆయన నోట మీరు వినాల్సిన మాట ఇది,” అంటూ ఆమె అతని చేతి మీద చెయ్యి వేసింది, “చూశాను.”